కంటి శిబిరం ముగిశాక మొదలయ్యే పని: దేవరకొండ వైపు నుంచి ఒక కేస్ స్టడీ

ఇది ఉచిత కంటి శిబిరాల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, శిబిరంలో "మోతిబిందు (కంట్లో శుక్లం) ఉంది, ఆపరేషన్ చేయించుకోవాలి" అని చీటీ చేతిలో పెట్టి పంపిన మనిషి ఆ తరువాత ఏమవుతున్నాడన్న దాని గురించి. నల్లగొండ జిల్లా దేవరకొండ, కొండమల్లేపల్లి, చందంపేట, నేరేడుగొమ్ము, డిండి వైపు పల్లెల్లో, తండాల్లో లయన్స్, రోటరీ లాంటి మా సేవా క్లబ్బు చాలా ఏళ్లుగా ఈ శిబిరాలు పెడుతోంది. నాది మెడికల్ షాపు. క్లబ్బులో సెక్రటరీగా చేశాక కంటి ప్రాజెక్టు నా చేతికి వచ్చింది, ఇప్పటికీ చూస్తున్నాను. క్లబ్బు పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇలాంటి క్లబ్బులో ఉన్నవాళ్లకు పేర్లు లేకపోయినా అర్థమవుతుంది.

మా పాత పద్ధతి ఇదీ. గాంధీ జయంతి వారంలో ఏదో ఒక హైస్కూల్లో షామియానా వేయించి, హైదరాబాద్ నుంచి ఒక ధర్మాసుపత్రి కంటి టీమును పిలిపించి, ఒక్క రోజులో వందల మందికి పరీక్షలు చేయించేవాళ్లం. అక్షరాల బోర్డు, టార్చి లైటు, బీపీ, షుగరు, దగ్గరి చూపు అద్దాలు, మధ్యాహ్నం పులిహోర. ఆపరేషన్ కావాల్సిన వాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాసుకుని, ఫలానా రోజు తెల్లారేసరికి బస్టాండు దగ్గర వ్యాను ఉంటుంది రండి అని చెప్పి పంపేవాళ్లం. ఆపరేషన్ ఊళ్లో చేయరు, చేయకూడదు కూడా. ఒకప్పుడు స్కూలు గదుల్లో, డేరాల్లో చేసేవాళ్లు, ఇన్ఫెక్షన్లు సోకి కళ్లు పోయిన సంఘటనలు దేశంలో జరిగాక, శస్త్రచికిత్స అంతా బేస్ ఆస్పత్రి (టీమును పంపిన పెద్దాసుపత్రి) థియేటర్‌లోనే అన్నది పద్ధతి అయింది. మంచిదే. కానీ దానివల్ల పరీక్షకీ ఆపరేషన్‌కీ మధ్య ఒక ప్రయాణం వచ్చి కూర్చుంది, మా పని అంతా తేలిపోయింది ఆ మధ్యలోనే.

పేర్లు రాయించుకున్న వాళ్లలో సగం మంది కూడా వ్యాను ఎక్కేవాళ్లు కాదు. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు, కానీ ఎవరూ లెక్క రాసేవాళ్లు కాదు. ఎందుకంటే పైకి పంపే సర్వీస్ రిపోర్టులో ఉండే గడి "లబ్ధిదారులు ఎంతమంది" అని. ఆ గడిలో పరీక్ష చేయించుకున్న వందల మంది ఉంటే క్లబ్బు వెలిగిపోతుంది, ఆపరేషన్ అయిన పదుల మందిని రాస్తే చిన్నబోతుంది. పైగా 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం ఊరూరా ఉచిత కంటి పరీక్షలు చేసే కంటి వెలుగు పథకం మొదలుపెట్టాక, మళ్లీ 2023 జనవరి 18న రెండో విడత మొదలయ్యాక, పరీక్ష అన్నది ఊరి గడప దాకా వచ్చేసింది. "నీ కంట్లో పొర ఉంది" అన్న మాట మా తండాల్లో ముసలివాళ్లు ఒకసారి కాదు, నాలుగుసార్లు విన్నారు. అదే మాట ఐదోసారి షామియానా కింద చెప్పడానికి ఒక క్లబ్బు ఎందుకు అని మా బోర్డులో అడిగింది ఒక టీచరమ్మ. ఆ ప్రశ్నతోనే ఈ కేసు మొదలైందని నేననుకుంటాను.

రాని వాళ్ల దగ్గరికి వెళ్లడం

పేర్లు ఇచ్చి రాని వాళ్ల జాబితా పట్టుకుని తండాలకు తిరిగాం. వెళ్లింది టీచరమ్మ, నేను, ఇంకా మా క్లబ్బులోనే ఉన్న ఒక రిటైర్డు ఆర్టీసీ కండక్టరు. అసలు మనిషి ఆయనే. లంబాడీ భాష ఇంటి భాష, చందంపేట రూటులో ఏళ్ల తరబడి టికెట్లు కొట్టిన మనిషి, ఏ తండాలో ఎవరి కోడలు ఏ తండా పిల్లో చెప్పగలడు. మేము "అమ్మా, ఆపరేషన్‌కు ఎందుకు రాలేదు" అని అడిగితే "వస్త సారూ, వస్త" అనే సమాధానమే వచ్చేది. ఆయన "యాడీ" (అమ్మా) అని పిలిచి గడపలో కూర్చుంటే అసలు సంగతి బయటికి వచ్చేది.

ఎక్కువగా వినపడింది పత్తి. "పత్తి ఏరేదున్నది, ఇప్పుడెట్ల వస్త బిడ్డా?" దసరా దాటాక మా వైపు చేలు పగులుతాయి, కిలోకు ఇంత అని కూలి, చూపు సరిగా లేని ముసలమ్మ కూడా చేతి తడుముతో ఎంతో కొంత ఏరుకొస్తుంది. ఆ నెలా రెండు నెలలు ఆమెకు ఏడాది మొత్తంలో చేతిలో డబ్బు ఆడే రోజులు. మేము సరిగ్గా అప్పుడే వ్యాను పెట్టి, ఆపరేషన్ తరువాత దుమ్ములోకి పోవద్దు, వంగి బరువు పని చేయొద్దు అంటున్నాం. గాంధీ జయంతి అక్టోబర్ 2, ప్రపంచ దృష్టి దినం అక్టోబర్ రెండో గురువారం, పై నుంచి వచ్చే సర్వీస్ క్యాలెండర్లో కంటి పని అంతా ఆ నెలలోనే. నల్లగొండ జిల్లా పత్తి చేనుకు ఈ సంగతి తెలియదు.

రెండోది, "పొర ఇంకా ముదరలే". ముదిరితేనే తీస్తారన్నది పాతకాలం మాట, ఇప్పుడు అలా ఆగనక్కర లేదు. ఆగితే పొర గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది, కొందరికి కంట్లో ప్రెషర్ పెరిగి ఉన్న చూపు కూడా పోతుంది. మూడోది ఎండ. ఎండల్లో చేయించుకుంటే కన్ను చీము పడుతుందన్న నమ్మకం. దాన్ని కొట్టిపారేయడానికి మేము చాలా ఉపన్యాసాలు ఇచ్చాం, ఎవరూ వినలేదు. చివరికి ఆ నమ్మకంతో గొడవ ఎందుకు, చలికాలంలోనే పెడదాం అని వదిలేశాం.

ఇంకో కారణం మాకు తట్టనే తట్టలేదు. పంట అయిపోగానే కొడుకూ కోడలూ పనికి హైదరాబాద్ పోతారు, మనవలు ముసలమ్మ దగ్గరే ఉంటారు. రెండు రాత్రులు ఆమె ఆస్పత్రిలో ఉంటే పిల్లలకు అన్నం ఎవరు వండాలి, మేకను ఎవరు తోలుకుపోవాలి? "నా కండ్లకేం గానీ, పోరగాళ్లను ఎవలు జూస్తరు?" అని ఒకామె అడిగింది. మా ప్రాజెక్టు కాగితంలో ఆ ఖర్చుకు గడి లేదు.

భయం కూడా ఉంది. ఒక తండాలో ఎవరికో ఆపరేషన్ అయ్యాక కన్ను పోయిందట, ఆ కథ చుట్టుపక్కల తండాలన్నీ తిరిగింది. కూపీ లాగితే తేలింది, వారానికే చుక్కల మందు ఆపేశారు, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరి నంబరూ లేదు. ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది.

జులై 1 సమస్య

కారణాలు తెలిశాక పని సులువైంది అనుకుంటారు. అవలేదు. ఎందుకంటే లయన్స్ అయినా రోటరీ అయినా సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న అయిపోతుంది, అధ్యక్షుడి కుర్చీ ఏడాదికే. ఈ పద్ధతిలో మంచి ఉంది, ఒకే మనిషి ఇరవై ఏళ్లు పాతుకుపోడు, అందరికీ అవకాశం వస్తుంది. కానీ కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ తన పేరుతో ఒక కొత్త పని కావాలి, ఇన్‌స్టలేషన్ (కొత్త అధ్యక్షుడు బాధ్యత తీసుకునే సభ) రోజున ప్రకటించాలి. పాత పనిని సాగదీసినవాడికి శాలువా ఎవరు కప్పుతారు?

దీని ఫలితం నల్లగొండ జిల్లాలో చూడాలంటే కళ్లు పెద్దగా తెరవక్కర లేదు, ఆగిపోయిన ఆర్‌ఓ నీళ్ల ప్లాంట్లు చూస్తే చాలు. పైన దాత పేరు, క్లబ్బు పేరు, ప్రారంభించిన తేదీ చెక్కి ఉంటాయి, లోపల నీళ్లు వడకట్టే పొర మార్చక ఏళ్లయి ఉంటుంది. తాగే నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేస్తే దానికి మన ఊరి పేరే పెట్టారు, ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అంటుంది. అందులో కెమిస్ట్రీ పెద్ద కష్టం కాదు. ఆ నీటికి తగ్గ మోతాదు చూసి, రోజూ కలిపి, అడుగున చేరిన మడ్డి తీసిపారేసే మనిషి ఉండాలి, కష్టమంతా అక్కడ. సేవా క్లబ్బులు డబ్బు తేగలవు, మైకు తేగలవు, రోజూ వచ్చే మనిషిని తేవడమే మాకు రాని విద్య.

మా బోర్డు మీటింగులో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. అప్పటి అధ్యక్షుడు ఎరువుల వ్యాపారి, మొహమాటం లేని మనిషి. "అన్నా, అంతా మంచిగనే ఉన్నది గానీ, నా ఏడాదిల నేనేం జేసిన్నని రాసుకోవాలె?" అన్నాడు. కొందరు నవ్వారు, కొందరికి కోపం వచ్చింది. నాకైతే ఆ గదిలో అందరికంటే నిజాయితీగా మాట్లాడింది ఆయనే అనిపించింది. పేరు మీద ఆశ లేకుండా తెల్లవారుజామున లేచి వ్యాను దగ్గర నిలబడేవాళ్లు లోకంలో ఉంటారు, కానీ ఒక ఊళ్లో ముప్పై మంది ఉండరు. ఆ ఆశను తిట్టి లాభం లేదు, దానికి ఒక చోటు చూపించాలి.

చివరికి ఒప్పుకున్నది ఇది. కంటి ప్రాజెక్టు చైర్మన్ పదవి మూడేళ్లు, అధ్యక్షుడు మారినా మారదు. దిగిపోతున్నవాడు, ఉన్నవాడు, రాబోయేవాడు ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి, ఈ పనికి ఇంత డబ్బు పక్కన పెడతామని. దానికి బ్యాంకులో వేరే ఖాతా. రిజిస్టరు చైర్మన్ ఇంట్లో కాదు, క్లబ్బు బీరువాలో. దానికి బదులుగా ప్రతి బ్యాచ్ బ్యానరు మీద ఆ ఏడాది అధ్యక్షుడి పేరు, కట్టు విప్పిన మరునాటి ఫోటోలో ఆయనే మధ్యలో. శిబిరం రోజు ఫోటో మానేసి కట్టు విప్పాక తీసే ఫోటో పెట్టడం అనే ఈ చిన్న మార్పు, నిజం చెప్పాలంటే, మిగతా తీర్మానాలన్నిటికంటే ఎక్కువ పని చేసింది. ఫోటో కావాలంటే పేషెంటు వ్యాను ఎక్కాలి కదా. అధ్యక్షులే ఫోన్లు చేసి "ఎంతమంది వస్తున్నరు?" అని అడగడం మొదలుపెట్టారు.

పని ఎలా మారింది

శిబిరాన్ని అక్టోబర్ నుంచి సంక్రాంతి తరువాతికి మార్చాం. పత్తి చివరి ఏరుడు అయిపోయి, చలి ఇంకా ఉండి, ఉగాది ఎండలు రాకముందు దొరికే ఆ కొద్ది వారాలే మాకు సీజను. అక్టోబర్లో రిపోర్టు కోసం స్కూలు పిల్లల కళ్ల పరీక్షలు పెడుతున్నాం, అదీ అవసరమైన పనే, బ్లాక్‌బోర్డు కనపడని పిల్లాడిని మొద్దు అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

రిజిస్టరులో పేరు, తండా, ఏ కన్ను, బీపీ, షుగరుతో పాటు రెండు కొత్త గడులు గీశాం. ఒకటి, ఎవరి ఫోను. పేషెంటు ఇచ్చే నంబరు తొంభై శాతం హైదరాబాద్‌లో ఆటో తోలే కొడుకుది, ఆయన తెలియని నంబరు ఎత్తడు. అందుకని ఆశా కార్యకర్తదో, కిరాణా కొట్టు ఆయనదో రాసుకుంటాం. రెండోది, ఎవరి మాట వింటారు. ఇది కండక్టరు గారు చెప్పిన గడి. ఒకామె కూతురి మాట వింటుంది, ఒకాయన తండా నాయక్ మాట, ఒకాయన ఎవరి మాటా వినడు గానీ పాత దోస్తుకు ఆపరేషన్ అయి బాగుంటే తనూ వస్తాడు. ఆ మనిషితో చెప్పిస్తే మా ఫోను పది సార్లు చేసినదానికంటే నయం.

మనవల సమస్యకు దారి తండావాళ్లే చూపించారు. ఒకే తండాలో పేర్లున్నవాళ్లను రెండు బ్యాచ్‌లుగా విడగొట్టాం. మొదటి బ్యాచ్ పోయినప్పుడు రెండో బ్యాచ్ వాళ్లు వాళ్ల పిల్లలను, మేకలను చూస్తారు, తరువాత వీళ్లు పోతే వాళ్లు. మాకు పైసా ఖర్చు లేదు.

షుగరు, బీపీ విషయంలో మాత్రం గట్టిగా ఉండాల్సి వచ్చింది. ముందు వ్యాను నిండాలని అందరినీ ఎక్కించేవాళ్లం, అక్కడ షుగరు ఎక్కువుందని వెనక్కి పంపితే ఆ మనిషి మళ్లీ జన్మలో రాడు. ఇప్పుడు నా షాపులోనే రెండు వారాల ముందు ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి చూస్తాం. ఎక్కువుంటే పీహెచ్‌సీకి పంపి మందు సరిచేయించి తరువాతి బ్యాచ్‌లో రాస్తాం.

చుక్కల మందు నా వృత్తి కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను. ఆపరేషన్ తరువాత చుక్కలు దాదాపు ఆరు వారాలు, మొదట్లో రోజుకు ఎక్కువసార్లు, వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. చదువు రాని మనిషికి "రోజుకు ఆరుసార్లు" అంటే ఏం గుర్తుంటుంది? పొద్దున చాయ్, గొడ్లను విడిచినప్పుడు, పగటి అన్నం, గొడ్లు ఇంటికొచ్చినప్పుడు, రాత్రి అన్నం, పడుకునే ముందు అని చెప్తాం. సీసా మూతకు రంగు దారం కడతాం. మధ్యలో కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, చూపు తగ్గినా ఆ రోజే చెప్పాలి, రేపు అనొద్దు, కన్ను పోయేది ఆ ఒక్క రోజు ఆలస్యంలోనే. ఇది తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం, దానికింద క్లబ్బులో ముగ్గురి నంబర్లు. ఇంకో మాట, చుక్కలు అయిపోతే పాత సీసా చూపించి ఏదో ఒకటి ఇవ్వమని షాపులో అడిగేవాళ్లు చాలామంది. స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. షాపుల వాళ్లం ఇవ్వకూడదు, అంతే.

భోజనం సంగతి

క్లబ్బులంటే తిని తాగే బ్యాచ్ అని ఊళ్లో ఒక పేరుంది, పూర్తిగా అబద్ధమూ కాదు. మా సభ్యుల్లోనే కొందరు నెలవారీ విందు మానేసి ఆ డబ్బు కూడా ఆపరేషన్లకు పెడదామన్నారు. నేను వ్యతిరేకించాను, ఇప్పటికీ వ్యతిరేకమే. రోటరీ 1905లో షికాగోలో మొదలైంది సేవ కోసం కాదు, కొత్త నగరంలో వేర్వేరు వృత్తుల, వ్యాపారాల వాళ్లు నలుగురు ఒకరి ఆఫీసులో ఒకరు వంతులవారీగా కలుసుకుందామని. ఊరికి పనికొచ్చే మొదటి పని, ఒక పబ్లిక్ టాయిలెట్ కోసం తిరగడం, రెండేళ్ల తరువాత వచ్చింది. లయన్స్ 1917లో మొదలైతే, కంటిచూపు వాళ్ల పని అయింది 1925లో, హెలెన్ కెల్లర్ వాళ్ల మహాసభకు వచ్చి అంధుల తరఫున నిలబడమని అడిగాక. ముందు దోస్తానా, తరువాత పని. వ్యాను చెడిపోతే తెల్లవారుజామున తన కారు ఇచ్చే మనిషి క్లబ్బు రూల్ చూసి ఇవ్వడు, నిన్న రాత్రి పక్కన కూర్చుని తిన్నవాడు అడిగాడని ఇస్తాడు.

విందు మానలేదు గానీ రోజు మార్చాం. ఆపరేషన్లు అయి వ్యాను తిరిగొచ్చే సాయంత్రానికి పెట్టాం, పేషెంట్లతో, వాళ్ల వెంట వచ్చినవాళ్లతో కలిసి. మొదట ఇది మర్యాద కోసమే చేశాం. కూర్చున్నాక అసలు లాభం కనపడింది. మా వైపు ఆపరేషన్ అనగానే పథ్యం. వంకాయ వద్దు, గుడ్డు వద్దు, మాంసం వద్దు, చారన్నం మీదే నెలా నెలన్నర. అసలే బక్కచిక్కిన ముసలివాళ్లు ఇంకా నీరసించి, అది కూడా ఆపరేషన్ ఖాతాలోకే పోతుంది. డాక్టర్లు అలాంటి పథ్యం ఏమీ చెప్పరు, షుగరు ఉన్నవాళ్లు షుగరు పద్ధతి పాటిస్తే చాలు. ఈ మాట మేము నోటితో వందసార్లు చెప్పినా ఎక్కలేదు. నల్ల అద్దాలు పెట్టుకున్న ముసలివాళ్ల మధ్య అధ్యక్షుడు, ఆయన భార్య, కండక్టరు గారు కూర్చుని, బగారా అన్నంలో కోడిగుడ్డు కూర వేసుకుని, వాళ్ల విస్తట్లో కూడా వేయించి, "తినుర్రి, ఏం గాదు, డాక్టరే చెప్పిండు" అంటే తిన్నారు. పోయినసారి ఆపరేషన్ అయినవాళ్లను కూడా అదే పంక్తిలో కూర్చోబెడతాం. కొత్తవాళ్లు వాళ్ల కళ్లలోకి వంగి చూస్తారు, సిగ్గుపడకుండా.

ఖర్చు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆపరేషన్, లెన్సు ఆ ఆస్పత్రి ఉచితంగానే చేస్తుంది, మాకు పడేది వ్యాను డీజిలు, తోడు వచ్చేవాళ్ల తిండి, చివర్లో అద్దాలు. షామియానా, మైకు, శాలువాల ఖర్చు తగ్గించాక అందులోనే సరిపోతోంది.

ఇప్పుడు పేర్లిచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఎక్కుతున్నారు, ఎక్కనివాళ్లు ఎందుకు ఎక్కలేదో రిజిస్టరులో ఉంటుంది. ఆరు వారాల పరీక్షకు రావడం మాత్రం ఇంకా వెనకబడే ఉంది. కన్ను కనపడ్డాక మళ్లీ ఎందుకు అంటారు. ఆ పరీక్షలోనే దగ్గరి చూపు అద్దాల నంబరు తేలుతుంది, అది లేకపోతే బియ్యంలో రాయి కనపడదు, సూదిలో దారం ఎక్కదు. అందుకని ఆ పరీక్షకు ఆస్పత్రి నుంచి ఆప్టోమెట్రిస్టునే (అద్దాల నంబరు చూసేవాళ్లను) అంగడి, అంటే వారపు సంత రోజున దేవరకొండకు పిలిపిస్తున్నాం, ఎలాగూ అంగడికి వస్తారు కాబట్టి.

తేలని విషయం రెండో కన్ను. ఒక కన్నుతో పని నడుస్తుంటే రెండో దానికి ఎవరూ కదలరు, దాన్ని ముదరబెట్టుకుని నొప్పితో వస్తారు. దీనికి మా దగ్గర ఇంకా సరైన మందు లేదు. ఈసారి కొత్త పేర్లు తీసుకోకముందే రెండో కన్ను మిగిలినవాళ్ల జాబితా పట్టుకుని కండక్టరు గారు, టీచరమ్మ డిసెంబర్లోనే తిరగాలని, వ్యానులో ముందు సీట్లు వాళ్లకే అని బోర్డులో రాసుకున్నాం. రాబోయే అధ్యక్షురాలు సంతకం పెట్టింది. ఆమెకు ఒక షరతు ఉంది, ఈ ఏడాది పత్తి మిల్లు కూలీల కళ్లు కూడా చూడాలని. దానికి చైర్మన్ ఎవరన్నది ఇంకా తేలలేదు, నా మీదికి మాత్రం తోయొద్దని చెప్పాను.